శనివారం మండలి

కొత్త హెడ్మాస్టరు వచ్చిన వారం తిరక్కుండానే మా స్టాఫ్ రూములోకి చాయ్ వచ్చింది. అంతకుముందు చాయ్ కావాలంటే మగ మాస్టర్లు రోడ్డు మీది హోటలుకి వెళ్ళేవాళ్ళు. నేను ఇంటి నుంచి సీసాలో తెచ్చుకున్న మజ్జిగ తాగి ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఇంటర్వెల్ గంట కొట్టేసరికి వేడి వేడి చాయ్ బల్ల మీద ఉంటోంది. "ఎవరూ పైసా ఇవ్వక్కర్లేదండి, మనమంతా ఒక కుటుంబం," అన్నాడాయన. నెల తిరిగేసరికి ఎనిమిదో తరగతి గది కప్పు బాగుచేయించాడు. ఆ కప్పు కోసం పాత హెడ్మాస్టరు అర్జీలు పెట్టి పెట్టి రిటైరయ్యాడు. వాన పడితే పిల్లల్ని ఒక మూలకి జరిపి, చినుకుల చప్పుడు మీద గొంతు పెంచి తెలుగు పద్యాలు చెప్పిన ఏళ్ళు నావి.

మా బడి హఫీజ్‌పేట స్టేషన్‌లో దిగి మాదాపూర్ వైపు మట్టిదారిన నడిస్తే వచ్చే సర్కారు హైస్కూలు. ఇప్పుడు అద్దాల మేడలున్న ఆ వైపంతా అప్పుడు రాళ్ళగుట్టలు, సీతాఫలం పొదలు, మధ్య మధ్య జొన్న చేలు. మేం సనత్‌నగర్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. మావారు నగరంలో విద్యాశాఖ ఆఫీసులో గుమాస్తా. పెళ్ళయ్యాక గుంటూరు వైపు నుంచి వచ్చి ఈ ఉద్యోగంలో చేరాను.

కప్పు బాగయిన రోజు అందరం సంబరపడుతుంటే సోషల్ మాస్టారు మాత్రం గది మధ్యలో నిలబడి పైకి చూస్తూ ఉండిపోయారు. ఆయన ఆ చుట్టుపక్కల ఊరివాడే, యాభై దాటిన మనిషి.

"ఏంది మాస్టారూ, మీకు నచ్చలేదా?" అన్నాను.

"మంచిగనే ఉందమ్మా. గని, ఇన్నేండ్లు కానిది గింత జల్ది ఎట్లయింది? ఈయన వెనక ఎవరో ఉన్నరు."

"మంచి చేస్తే కూడా అనుమానమేనా?" అని నవ్వాను.

ఆయన నవ్వలేదు.

ఆయన్ని నేనెందుకు అంత నమ్మేదాన్నో చెప్పాలి. అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ గొడవలు జోరుగా ఉన్నప్పుడు బళ్ళు మూతబడ్డాయి, ఆంధ్రా ఉద్యోగులం భయంభయంగా బతికాం. సోషల్ మాస్టారు ఆ ఉద్యమంలో మనసారా ఉన్న మనిషి. ఊరేగింపుల్లో నడిచారు. అయినా ఒకరోజు దారిలో నలుగురు కుర్రాళ్ళు నన్ను ఆపి "ఆంధ్రా టీచరమ్మా, ఎప్పుడు పోతవ్?" అని అడ్డుపడితే, ఆయనే వచ్చి వాళ్ళని కేకలేసి నన్ను స్టేషన్ దాకా దిగబెట్టారు. బడి తెరిచాక ఆయన పాఠం నేను పక్క గదిలోంచి వినేదాన్ని. ఉద్యమం మాట ఒక్కటి కూడా ఆ నోటి నుంచి రాలేదు. అడిగితే, "నా కోపం నాది. పోరగాండ్ల నెత్తిన ఎందుకు పెట్టాలె?" అన్నారు.

బడి కప్పు బాగయిన ఏడే, డెబ్బై నాలుగులో, దసరా సెలవులు అయ్యాక కొత్త హెడ్మాస్టరు శనివారం మధ్యాహ్నాలు అధ్యయన మండలి మొదలుపెట్టాడు. "ఇష్టమైన వాళ్ళే రండి. బలవంతం లేదు," అన్నాడు. మొదటి రెండు సార్లు నేనూ వెళ్ళాను. నగరం నుంచి తెల్లటి బట్టల్లో ఒకాయన వచ్చి చాలా మెత్తగా మాట్లాడాడు. మొదటి వారం శుభ్రత గురించి, సమయానికి రావడం గురించి. తప్పుపట్టడానికి ఏమీ లేదు. రెండో వారం దేశానికి ఒకే ఆలోచన ఉండాలన్నాడు. నలుగురు నాలుగు దిక్కులకు లాగితే బండి కదలదన్నాడు. చివర్లో, "టీచర్లలో అనుమానం ఉంటే అది పిల్లలకి అంటుకుంటుంది. అనుమానం ఒక జబ్బు," అని ఒక్కొక్కరి మొహం వంకా చూస్తూ నవ్వాడు. ఆ నవ్వు నా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగినట్టనిపించింది. మూడో వారం నేను వెళ్ళలేదు.

ఆ సోమవారం టైంటేబుల్ మారింది. ఎప్పుడూ పొద్దున ఉండే నా పదో తరగతి పాఠం చిట్టచివరి పీరియడ్‌కి వెళ్ళింది. అది ముగించుకుని పరుగెత్తినా నా బండి వెళ్ళిపోయేది, తర్వాతి దానికోసం చీకటిపడేదాకా ప్లాట్‌ఫారం మీద కూర్చోవాల్సి వచ్చేది. హెడ్మాస్టరుని అడిగితే, "అయ్యో, చూసుకోలేదండి. ఈసారి మారుస్తాను," అన్నాడు. మార్చలేదు. మండలికి ఒక్కసారీ రాని సోషల్ మాస్టారికి పాఠాలతో పాటు ఆటల పీరియడ్లన్నీ వేశారు. ఆయన ఎండలో నిలబడి పిల్లలతో కబడ్డీ ఆడించేవారు. మండలికి వెళ్ళే మాస్టర్లు మాత్రం మధ్యాహ్నానికే ఖాళీ అయ్యేవాళ్ళు.

ఏది కావాలని జరిగిందో, ఏది మామూలుగా జరిగిందో తేల్చుకోలేకపోవడమే అన్నిటికంటే కష్టంగా ఉండేది. సుద్దముక్కలు అయిపోయినా, నా క్లాసులో బెంచీ విరిగినా, ఇది కూడా అదేనా అనిపించేది. స్టాఫ్ రూములో ఎవరో మాట్లాడుతూ మాట్లాడుతూ నేను రాగానే ఆపితే, నా గురించేనా అని ఆ రోజంతా అదే ఆలోచన.

ఎమర్జెన్సీ వచ్చాక మండలికి మొహమాటం పోయింది. ప్రార్థన తర్వాత పిల్లలు ఒక ప్రతిజ్ఞ చెప్పాలన్నారు. "నా ఆలోచన వేరు కాదు, జాతి ఆలోచనే నా ఆలోచన." వరండా గోడ పొడుగునా అదే నీలిరంగు అక్షరాల్లో రాయించారు. ఆ సాయంత్రం స్టేషన్ దారిలో సోషల్ మాస్టారూ నేనూ నడుస్తున్నాం. ఆయన ఆ గోడ గుర్తుచేసుకుని, "గోడకు తలకాయ లేదు గద టీచరమ్మా, అందుకే ఏది రాసినా మోస్తది," అన్నారు. ఇద్దరం పగలబడి నవ్వాం. చాలా రోజుల తర్వాత అంత నవ్వాను.

ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తూ అదే మావారికి చెప్పాను. ఆయనా నవ్వారు.

ఆ వారాంతంలోనే హెడ్మాస్టరు నన్ను గదిలోకి పిలిచి, హాజరు గురించి ఏదో మాట్లాడి, నేను వెళ్ళబోతుంటే అన్నాడు. "మన గోడలకి తలకాయ లేదని ఎవరో అన్నారట కదా టీచర్ గారూ?"

ఏమన్నానో గుర్తులేదు. ఆ దారిలో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. అటు రాళ్ళు, ఇటు చేలు. మాస్టారు తన మాట తనే వెళ్ళి చెప్పుకోరు. ఇక మిగిలింది మా ఇల్లు.

మావారి ఆఫీసులో కూడా మండలి ఉందని నాకు తెలుసు. సూపరింటెండెంటు నడిపేవాడు. ప్రమోషన్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళంతా ముందు వరుసలో కూర్చుంటారని మావారే ఒకసారి ఎగతాళిగా చెప్పారు. ఈ మధ్య ఆ ఎగతాళి తగ్గింది. శనివారాలు ఆలస్యంగా వస్తున్నారు. "నలుగురు నాలుగు దిక్కులకు లాగితే బండి కదలదు" అన్న మాట ఒకరోజు పాలవాడితో అంటుంటే విని ఉలిక్కిపడ్డాను.

అయినా నమ్మబుద్ధి కాలేదు. ఒక పని చేశాను. "నేను కూకట్‌పల్లి బడికి బదిలీ పెట్టుకుందామనుకుంటున్నానండీ, ఇంటికి దగ్గర," అని మావారితో అన్నాను. నాకు ఆ ఉద్దేశమే లేదు. ఆ మాట ఇంకెవరితోనూ అనలేదు. తర్వాత రోజూ హెడ్మాస్టరు మొహం చూస్తూ ఉన్నాను. ఆయనేమీ అనకపోతే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఒకరోజు చాయ్ తాగుతూ అందరి ముందే అన్నాడు. "మమ్మల్ని వదిలి కూకట్‌పల్లి వెళ్ళిపోతారట! మేమేం తక్కువ చేశామండీ?"

ఆ సాయంత్రం మావారు చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తుంటే అడిగాను. "నా మాటలు ఎవరికి చెబుతున్నారు?"

"ఏ మాటలు?"

"కూకట్‌పల్లి. గోడ."

ఆయన వెనక్కి తిరగలేదు. చొక్కా మడతలు సర్దుతూ, "సూపరింటెండెంటు గారు అడుగుతుంటారు. మీ ఆవిడ బడి ఎలా ఉందీ అని. మాటల్లో వచ్చిందే. నేనేమీ కావాలని..." అన్నారు.

"మాటల్లో మాస్టారి పేరు కూడా వచ్చిందా?"

"వాళ్ళకి ముందే తెలుసు ఆయన సంగతి. నేను కొత్తగా చెప్పిందేముంది?" అని గొంతు పెంచారు. మళ్ళీ వెంటనే తగ్గించి, "నువ్వు వెళ్ళవు. మండలికి నేనన్నా వెళ్ళకపోతే మనిద్దరి ఉద్యోగాలకీ ముప్పు. నీకర్థం కాదు," అన్నారు.

అర్థమైంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో కూర గురించి, బట్టల గురించి తప్ప మాట్లాడుకోలేదు. ఆయన మామూలుగా "ఇవాళ బడిలో ఏంటి?" అని అడిగినా, ఆ ప్రశ్న ఎవరిదో అని చూసేదాన్ని.

మర్నాడే సోషల్ మాస్టారికి జరిగిందంతా చెప్పాను. చెప్తూ ఏడ్చాను. ఆయన నింపాదిగా విని, "నాకు ఎరుకేనమ్మా, ఎవరో ఒకరు చెప్తున్నరని. మీ ఇంటికెంచి అని తెల్వదు. ఇగ ఫికర్ చెయ్యకు. నేను గుసగుసగ చెప్పిన మాట కాదు గద అది," అన్నారు. ఆయన నిబ్బరం చూసి నాకు ఇంకా భయం వేసింది.

ఆ ఏడు అర్ధ సంవత్సరం పరీక్షకి తెలుగు పేపరు పైనుంచి వచ్చింది. అంతకుముందు మేమే తయారుచేసేవాళ్ళం. వ్యాసం అంశం చూసి కళ్ళు నులుముకున్నాను. "ప్రతిదాన్నీ ప్రశ్నించడం వల్ల కలుగు నష్టములు." పిల్లలు దాదాపు అందరూ మండలి వాక్యాలే రాశారు. బట్టీపట్టించారు మరి. తొమ్మిదో తరగతిలో ఒక గొల్లవాళ్ళ అమ్మాయి ఉండేది. చదువులో మధ్యస్థం, చేతిరాత మాత్రం ముత్యాల్లా ఉంటుంది. ఆ పిల్ల కూడా అవే నష్టాలు రాసి, చివర ఒక వాక్యం చేర్చింది. "కాని ప్రశ్నలు లేకపోతే ఈ పరీక్ష ఎట్ల పెడతారు?"

నవ్వొచ్చింది. మంచి మార్కులు వేశాను. అన్ని పేపర్లూ హెడ్మాస్టరు మళ్ళీ చూస్తున్నాడని అప్పటికి నాకు తెలియదు.

ఆ వాక్యం మీద పైనుంచి ఒక అధికారి విచారణకి వచ్చాడు. స్టాఫ్ అంతా కూర్చున్నాం. హెడ్మాస్టరు ఆ అమ్మాయిని పిలిపించాడు. అధికారి చాలా ప్రేమగా, "ఎంత బాగా రాశావమ్మా. ఇలా ఆలోచించమని ఎవరు నేర్పారు?" అని అడిగాడు. పిల్ల మొహం వెలిగిపోయింది. తను నిజంగా బాగా రాసినందుకే పిలిచారనుకుంది.

"సోషల్ సారు చెప్పిండు సార్. ఏది చదివినా ఒక ప్రశ్న వేసుకోవాలె అని రోజు చెప్తడు," అంది గర్వంగా.

సోషల్ మాస్టారు ఆ పిల్లని చూసి తలూపారు. "మంచిగ చెప్పినవ్ బిడ్డా, క్లాసుకు పో," అన్నారు. ఆ పిల్ల నవ్వుకుంటూ వెళ్ళింది.

అధికారి నా వైపు తిరిగాడు. "టీచర్ గారూ, ఈయన క్లాసులో ప్రభుత్వానికి వ్యతిరేకంగా మాట్లాడడం మీరు పక్క గదిలోంచి వినే ఉంటారు. మీవారు మన మండలిలో ఉన్నారు, మీ మాటకి విలువుంటుంది."

అందరూ నన్నే చూస్తున్నారు. ఏదో ఒకటి గొణిగి తప్పించుకోవచ్చు కూడా. కానీ "మీవారు" అన్న మాట వినగానే ఒంట్లో ఏదో మండింది.

"విన్నానండి. ఇన్నేళ్ళుగా వింటున్నాను. ఆయన సోషల్ పాఠం చెప్తారు. అరవై తొమ్మిదిలో కూడా పాఠమే చెప్పారు. ఆ అమ్మాయికి మార్కులు వేసింది నేను. మావారి ఉద్యోగం ఆయనది, నాది నాది," అన్నాను.

అధికారి కలం మూత పెట్టుకుని, "సరే," అన్నాడు.

సోషల్ మాస్టారికి ఆదిలాబాదు అడవుల వైపు ఒక బడికి బదిలీ అయింది. నన్ను కింది తరగతులకి మార్చి పదో తరగతి తీసేశారు. ఆయన వెళ్ళేరోజు వీడ్కోలు సభ ఉండదని ముందే తెలుసు. స్టేషన్‌కి నేనొక్కదాన్నే వెళ్ళాననుకున్నాను. చూస్తే ఆ అమ్మాయి, వాళ్ళ నాన్న గొంగడి భుజాన వేసుకుని నిలబడి ఉన్నారు. తను చెప్పినందుకే సారు పోతున్నాడని ఆ పిల్లకి ఎవరో చెప్పారు. వెక్కి వెక్కి ఏడుస్తోంది.

మాస్టారు ఆమె ముందు వంగి, "నువ్వు అబద్ధం చెప్పినవా?" అని అడిగారు.

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"మరి ఎందుకు ఏడుస్తున్నవ్? నువ్వు గిట్ల ఏడిస్తే, ప్రశ్న అడిగితే నష్టమే అని వాళ్ళు చెప్పింది నిజమైతది. చదువుకో."

బండి కదిలాక ఆయన చెయ్యి ఊపలేదు. కిటికీలోంచి మా ముగ్గుర్నీ అలా చూస్తూ ఉన్నారు.

డెబ్బై ఏడు ఎండాకాలంలో ఢిల్లీలో ప్రభుత్వం మారింది. సెలవుల తర్వాత బడి తెరిస్తే వరండా గోడకి సున్నం కొట్టి ఉంది. ప్రతిజ్ఞ లేదు, శనివారం మండలి లేదు. హెడ్మాస్టరు స్టాఫ్ రూములో బాధగా మొహం పెట్టి, "మనమంతా ఎంత ఒత్తిడిలో పనిచేశామండీ!" అన్నాడు. "మనమంతా" అన్న మాట చాయ్ వచ్చిన రోజు కూడా విన్నాను. ఆ ఏడాదిలోపే ఆయనకి పై ఆఫీసులో పెద్ద కుర్చీ దొరికింది. టీచర్ల శిక్షణ శిబిరంలో ఆయన ఉపన్యాసం నేను విన్నాను. బడిలో స్వేచ్ఛ గురించి. అదే మెత్తటి గొంతు. స్వేచ్ఛని అర్థం చేసుకోని టీచర్లు వ్యవస్థకి బరువని చెప్పి, ఒక్కొక్కరి మొహం వంకా చూస్తూ నవ్వాడు. నా పక్కన కూర్చున్న కొత్త టీచరు చప్పట్లు కొడుతుంటే, ఈ అమ్మాయికి చెప్పాలా వద్దా అని ఆలోచించి, ఈమె ఎవరి మనిషో అని ఊరుకున్నాను.

ఆ తర్వాతి వేసవిలో ఒక ఆదివారం పొద్దున సోషల్ మాస్టారు మా ఇంటికి వచ్చారు. నల్లబడ్డారు, చిక్కారు. బదిలీ రద్దు చేస్తామంటే వద్దన్నారట. అక్కడి గోండు పిల్లలకి రాత నేర్పుతున్నానని, రిటైరయ్యేదాకా అక్కడే ఉంటానని తర్వాత నాతో చెప్పారు. తలుపు తీసింది మావారు. నేను వంటింట్లో ఉన్నాను. ముందుగదిలో కుర్చీ జరిపిన చప్పుడైంది. నేను తెర వెనక నిలబడి చెవి ఒగ్గాను. మా ఇంట్లో నేనే దొంగలా వింటున్నాను.

"మాస్టారూ, మీ బదిలీలో నా మాట కూడా ఉందండి," అన్నారు మావారు.

"ఎరుకే సార్."

"నేను చెప్పకపోయినా ఇంకెవరో చెప్పేవాళ్ళు..."

"చెప్పేటోళ్ళే. గని మీరు చెప్పిన్రు."

నేను ముందుగదిలోకి వెళ్ళేసరికి మావారు తల వంచుకుని ఉన్నారు. మాస్టారు మాత్రం, "ఏమమ్మా, అన్నం పెడతవా? పొద్దటి బండిల ఏం తినలేదు," అన్నారు. ముగ్గురం కింద కూర్చుని తిన్నాం. గోంగూర పచ్చడి బాగుందని రెండోసారి వేయించుకున్నారు. మావారు ఆయన కంచంలో నెయ్యి వేస్తుంటే కాస్త బయట పడింది. మాస్టారు వద్దనలేదు.

ఆయన వెళ్ళాక మావారు అంట్లు తీస్తూ నాతో అన్నారు. "క్షమించాననలేదు చూశావా."

"అనలేదు. కానీ అన్నం తిన్నారు," అన్నాను.

ఆ సాయంత్రం నేనే మొదలుపెట్టి బడి సంగతి ఒకటి చెప్పాను. కొత్త నల్లబల్లలు వచ్చాయని. ఆయన ఊఁ కొట్టారు. మర్నాడు ఇంకొకటి చెప్పాను. అలా మళ్ళీ మాటలు కలిశాయి. ఆయన బతికున్నంతకాలం కలిసే ఉన్నాయి. అయితే చెప్పబోయే ప్రతి మాటా ఒకసారి లోపలే తిప్పి చూసుకుని, అప్పుడు చెప్పే అలవాటు మాత్రం నాకు పోలేదు.